కొలాబుకు ఒక కొలత కావాలి

మా నెల్లూరు వైపు డబ్బు అనే వస్తువు మెల్లగా కనుమరుగవుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. రొయ్యల చెరువుల దగ్గర, గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఇంకా కొంత చలామణీలో ఉన్నట్టు వినికిడి. కెమెరా ఉన్నవాళ్ళకూ మొహం ఉన్నవాళ్ళకూ మధ్య మాత్రం అది పూర్తిగా రద్దయింది. అక్కడ చెల్లే నాణెం పేరు కొలాబ్, అంటే కొలాబరేషన్: ఫొటోగ్రాఫరూ మోడలూ రూపాయి లేకుండా ఒకరి పని ఒకరికి చేసిపెట్టడం.

ఈ సంగతి నాకు మా మేనల్లుడి వల్ల తెలిసింది. వాడు వాయిదాల మీద కెమెరా కొన్నాడు. వాయిదాలు మాత్రం ఇంకా డబ్బు రూపంలోనే కట్టించుకుంటున్నారట, ఎంత పాతకాలం మనుషులో! ఒక శనివారం రాత్రి వాడు మోడలింగ్ చేసే ఒక అమ్మాయితో స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే విన్నాను.

"మీరు టైమియ్యండి, నేను ఫొటోలిస్తా. డబ్బులు ఇటు లేదు, అటు లేదు."

"అట్నేలే అన్నా. మా అమ్మ కూడా వస్తుంది."

"రానీండి, దాందేముంది."

అయిపోయింది. మా వైపు ఒక గేదెను అమ్మాలన్నా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని అరగంట బేరమాడతారు. ఇక్కడ ఒక మనిషి మొహం, ఇంకో మనిషి కెమెరా, ఇద్దరి ఆదివారం మూడు మాటల్లో చేతులు మారిపోయాయి.

ఇంటర్లో మాకు అర్థశాస్త్రం చెప్పిన లెక్చరర్, వస్తుమార్పిడి ఎందుకు పోయిందో బోర్డు మీద రాసి మరీ చెప్పారు. కోరికల సమన్వయం కుదరక పోయిందట. నా ఉప్పు నీకు కావాలి, నీ వడ్లు నాకు కావాలి, రెండూ ఒకేరోజు కావాలి. ఇది కుదరదు గనకే మనిషి డబ్బు కనిపెట్టాడన్నారు. ఆయన ఆదివారం తెల్లవారుజామున మైపాడు బీచ్‌కి ఎన్నడూ వచ్చి ఉండరు.

నేను వెళ్ళాను, మొహం మీదికి వెలుతురు మళ్ళించే రిఫ్లెక్టర్ పట్టుకోవడానికి. కూలీ ఒక టీ, అదీ నా జేబులోంచే. మైపాడు నెల్లూరుకు ఓ పాతిక కిలోమీటర్లు. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి మంచి వెలుతురు పొద్దున్నే వస్తుంది. (సముద్రంలో కుంగుతున్న సూర్యుడి ముందు ఫొటో కావాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. గోవా పోవాలక్కా అంటాడు మావాడు, మర్యాదగానే.) కాబట్టి మూడున్నరకు లేవాలి, చీకట్లోనే మేకప్ అయిపోవాలి, ఎండ తెల్లబడేలోపు పని ముగించాలి.

ఆ ఇసుకలో నేను వేసిన లెక్క ఇది. అమ్మాయి తెచ్చినవి మొహం, చాలని నిద్ర, రెండు జతల చెప్పులు, అమ్మ. మావాడు తెచ్చినవి కెమెరా, రెండు లెన్సులు. అందులో ఒక లెన్సు స్నేహితుడిది. దానికి బదులు ఆ స్నేహితుడి చెల్లెలి ఓణీల ఫంక్షన్‌కి ఊరికే ఫొటోలు తీయాలి. మేకప్ చేసిన పార్లర్ అక్కకు వాళ్ళ పాప పుట్టినరోజు ఫొటోలు బాకీ. చీర వెంకటగిరిది, ఒక షాపువాళ్ళు నమ్మి ఇచ్చారు. బదులుగా వాళ్ళ పేరు ట్యాగ్ చేయాలి, చీర మడత చెడకుండా తిరిగివ్వాలి. ఉప్పుగాలిలో, తడి ఇసుకలో జరీ చీర కట్టించి మడత చెడకుండా తిరిగిచ్చే విద్య ఏ నేతగాడికీ తెలిసి ఉండదు. అలలు కాళ్ళను తాకినప్పుడల్లా అమ్మాయి నవ్వేది, మావాడు క్లిక్కుమనిపించేవాడు, వాళ్ళమ్మ మాత్రం చీర అంచు వంకే చూసేది. ఆ ఒడ్డున నిలబడ్డవాళ్ళలో ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. అందరూ అందరికీ బాకీ.

కొత్త ఆర్థిక వ్యవస్థలో ఇంకా చేరని మనిషి ఒక్కడే కనిపించాడు, టెంకాయ నీళ్ళు అమ్మే ఆయన. బండి ముందు అమ్మాయిని నిలబెట్టి ఫొటో తీస్తాం, నీ బండికి పేరొస్తుంది అని మావాడు చెప్పి చూశాడు. ఆయన కత్తి దించకుండానే అన్నాడు: "కొలాబంటే ఏందబ్బా? యాభై ఇయ్యి."

ఈ పద్ధతి పుట్టింది మన దగ్గర కాదు. ఫిల్మ్ రోజుల్లో బయటి దేశాల మోడలింగ్ రంగంలో దీన్ని టీఎఫ్‌పీ అనేవాళ్ళు, అంటే టైమ్ ఫర్ ప్రింట్స్. మోడల్ తన సమయం ఇస్తే, ఫొటోగ్రాఫర్ కాగితం మీద ప్రింట్లు వేసి ఇచ్చేవాడు. ఫిల్ముకు డబ్బు, కాగితానికి డబ్బు, డార్క్‌రూమ్‌లో రాత్రిళ్ళు వేరే. తూకం దాదాపు సరిపోయేది. తర్వాత ప్రింట్లు పోయి సీడీ వచ్చింది. సీడీ పోయి, ఫోన్లో దించుకునే డ్రైవ్ లింకు వచ్చింది. ఇప్పుడు లింకు కూడా పోయి "నీకు ట్యాగ్ చేశా చూడు" మిగిలింది. ఇటువైపు ఇచ్చేది నానాటికీ అరిగిపోయింది. అటువైపు మూడున్నరకు లేవడం మాత్రం మూడున్నరకే ఉంది.

మనకూ ఇలాంటిది ఉండేది. ఏడాది పొడుగునా చేసిన పనికి, కళ్ళంలో వడ్లు రాశి పోశాక కుమ్మరికీ వడ్రంగికీ మేర, అంటే వాళ్ళ వాటా వడ్లు, కొలిచేవాళ్ళు. కొలిచే చెయ్యి ఎవరిదన్నది వేరే కథ, అది అంత అందమైన కథ కాదు. కనీసం కొలపాత్ర అంటూ ఒకటి ఉండేది. కొలాబుకు అదీ లేదు.

చట్టం ఊరుకుంటుందా అని కాస్త చదివాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మామూలుగా ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. ప్రతిఫలం మరీ తక్కువైతే మాత్రం, ఇష్టపడి ఒప్పుకున్నాక, చెల్లుతుంది. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మినా ఒప్పందమేనని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. గుర్రం బదులు ఒంగోలు గిత్త అని రాసి ఉంటే మనవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా చదివేవాళ్ళు. 1957 కాపీరైట్ చట్టం ఫొటో మీద హక్కు తీసినవాడిదే అంటుంది. ఎవరైనా విలువైన ప్రతిఫలం ఇచ్చి తీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్ళది. మరి తెల్లవారుజామున మూడున్నరకు లేవడం విలువైన ప్రతిఫలమా, కాదా? దీనిమీద ఇద్దరు లాయర్లు హాయిగా వాదించుకోవచ్చు. వాళ్ళ ఫీజు డబ్బే. జీఎస్టీ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, బార్టర్, అంటే వస్తుమార్పిడి కూడా పన్ను లెక్కకొచ్చే సప్లయ్ కిందికే వస్తుందని 2017లోనే రాసిపెట్టింది. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ కాబట్టి బతికిపోయాం. మావాడి టర్నోవర్ ఈ ఏడాది పదకొండు షూట్లు, రెండు పెసరట్లు, ఒక చేపల పులుసు భోజనం.

పెసరట్ల దగ్గర ఆగాలి. పెట్టింది ఒక హోటలాయన, రీల్ తీసినందుకు. పైగా "నీకు ఎక్స్‌పోజర్ వస్తుందిలే తమ్ముడూ" అన్నాడు. ఆయన ఉద్దేశం నలుగురికీ తెలుస్తావని. కెమెరాలో ఎక్స్‌పోజర్ అంటే లోపలికి వెలుతురు పడే సేపు, మామూలుగా సెకనులో రెండొందలో వంతు. వాడికొచ్చిన ఎక్స్‌పోజర్ కూడా దాదాపు అంతసేపే నిలిచింది.

అందుకే జిల్లా యంత్రాంగానికి నా విన్నపం. వడ్లు కొలిచే పుట్టి దేశంలో ఎక్కడ ఎంతున్నా మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. కొలతల్లో మన పట్టింపు మనది. ఫొటోలకూ అలాంటిది ఒకటి ఖరారు చేయాలి. ఎడిట్ చేసి వారంలో ఇచ్చిన ఫొటో శేరు. ఎడిట్ చేయకుండా మొహాన పారేసింది సోలెడు. ఫొటోగ్రాఫర్ తన పేరు మొహం మీద అడ్డంగా వేసి పంపితే గిద్దెడు. వస్తానని చెప్పి ఆదివారం ఫోన్ స్విచాఫ్ చేసుకున్న మోడల్ పుట్టెడు వడ్లు జరిమానా కట్టాలి, అప్పుగా తెచ్చిన లెన్సుకు అద్దె అదనం. ఇక "ట్యాగ్ చేస్తా", "పెద్ద ప్రాజెక్ట్ ఉంది, నిన్నే పిలుస్తా" లాంటివన్నీ తాలు గింజలు. చేటలో పోసి తూర్పారబట్టాలి.

యంత్రాంగం ఇంకా స్పందించలేదు. ఈలోగా నాలుగు నెలలు గడిచాయి. అమ్మాయి వారానికోసారి ఫోన్ చేస్తూనే ఉంది.

"అన్నా, ఫొటోలు యాడికొచ్చినాయి?"

"ఎడిటింగ్‌లో ఉండాయమ్మా."

మొహరం వచ్చింది. బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. నిరుడు కోరిక తీరినవాళ్ళు రొట్టె తెస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, విదేశాలకు పోయే రొట్టె. ఇంత పకడ్బందీ మార్పిడి నేనెక్కడా చూడలేదు. ముందు పని జరగాలి, తర్వాతే రొట్టె చెయ్యి మారుతుంది.

మోకాళ్ళలోతు నీళ్ళలో మావాడు "అప్పు తీరిన రొట్టె ఎవరి కాడన్నా ఉండాదా" అని కేకేస్తూ తిరుగుతున్నాడు, మెడలో కెమెరా. ఇంకోవైపు నుంచి ఆ అమ్మాయి, వెనకే వాళ్ళమ్మ.

"ఫొటోలు చేతికొచ్చిన రొట్టె ఎవరన్నా ఇస్తారా?"

ఎవరూ ఇవ్వలేదు. అలా అడుక్కుంటూ ఇద్దరూ నీళ్ళ మధ్యలో ఎదురుపడ్డారు. అమ్మాయి చెయ్యి చాపి వాడి మొహంలోకి సూటిగా చూసింది. వాడు తల దించుకుంటాడనుకున్నాను. కెమెరా ఎత్తాడు.

"అట్నే నిలబడమ్మా, కదలొద్దు. లైటు బాగుండాది."