ఎక్మో పెట్టారంటే మనిషి పోయినట్టేనా?

"ఎక్మో పెట్టారంటే మనిషి పోయినట్టే. బిల్లు కోసం శవానికి మెషీన్ తగిలించి గుండె ఆడిస్తారు. ఒక్కరూ బతకరు. బాలుగారి విషయంలో చూశాం కదా." నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చే పేషెంట్ల బంధువుల ఫోన్లలో ఈ మెసేజ్ ఇంకా తిరుగుతోంది. ఎక్మో అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని శరీరం బయట నుంచి చేసిపెట్టే మెషీన్. ఇక్కడ ఐసీయూలో దాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టుని కాబట్టి జవాబు చెప్పాలి.

ముందు గాయకుడు ఎస్పీ బాలుగారి మాట. 2020 ఆగస్టులో కోవిడ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయన్ని ఎక్మో మీద పెట్టారు. సెప్టెంబరులో, ఇంకా దాని మీదే ఉండగా, ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారని వాళ్లబ్బాయి చరణ్ చెప్పారు. 25న మనకు దూరమయ్యారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ క్రికెట్ చూస్తున్న మనిషిని శవం అనడం ఎంత అన్యాయం!

ఎక్మో గుండెను ఆడించదు, గుండె పనో, ఊపిరితిత్తుల పనో తను మీదేసుకుంటుంది. తొడ దగ్గరి పెద్ద సిర నుంచి రక్తం తీసి, పంపుతో ఆక్సిజనేటర్‌లోకి (రక్తానికి ఆక్సిజన్ పట్టించే పరికరం) పంపి, గుండె కోసమైతే ధమనిలోకి, ఊపిరితిత్తుల కోసమే అయితే తిరిగి సిరలోకే ఎక్కిస్తాం. పక్కన నిలబడితే తేడా కంటికే తెలుస్తుంది. వచ్చే గొట్టంలో రక్తం నేరేడు పండు రంగు, వెళ్లే గొట్టంలో దానిమ్మ గింజ ఎరుపు. ఆక్సిజనేటర్‌లో గడ్డలు కడుతున్నాయేమోనని టార్చి వేసి వెతుకుతాం. గొట్టం వేసిన కాలు చల్లబడుతోందేమోనని పాదం పట్టుకుని చూస్తాం. చెయ్యి నొక్కితే తిరిగి నొక్కే పేషెంట్లు ఉంటారు.

ఒక్కరూ బతకరన్నది అబద్ధం. అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కల్లో, గుండె కోసం ఎక్మో పెట్టిన పెద్దవాళ్లలో పదిమందికి నలుగురైదుగురు ఇంటికి వెళ్తున్నారు. తక్కువే, కాదనను. మెషీన్ లేకపోతే వాళ్లలో చాలామందికి ఆ రోజే గడవదు.

ఖర్చు మాత్రం నిజంగానే భరించలేనంత ఉంటుంది. అందుకే డాక్టర్ని గట్టిగా అడగండి: ఇన్ని రోజులు నడిపేది దేని కోసం? గుండె కోలుకుంటుందనా, ఎల్‌వ్యాడ్ (గుండెకు సాయంగా అమర్చే పంపు) పెట్టడానికా, గుండె మార్పిడికా? ఏ దారీ లేదంటే ఆపే మాట మీరే ఎత్తొచ్చు.

మయోకార్డైటిస్‌తో (గుండె కండరం వాపు) వచ్చిన ఒక కుర్రాడి మేనమామ ఈ మెసేజే చూపించి, "ఇది పెడితే ఇంక తిరిగి రాడంట కదా బాబూ" అన్నారు. సంతకం పడేసరికి గంటన్నర అయింది. ఆలోపు బీపీ పడిపోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎనిమిదో రోజున కుర్రాడు మెషీన్ మీద నుంచి బయటికొచ్చాడు. డయాలసిస్ ఇంకో మూడు వారాలు నడిచింది.