21 గేర్లుంటే మంచి సైకిలేనా?

కొత్త సైకిల్ కొనబోయేవాళ్లకు సలహా అంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: 21 గేర్లు, ముందు సస్పెన్షన్, రెండు డిస్క్ బ్రేకులు, లావు టైర్లు ఉన్నదే తీసుకోండి. సైజు గురించి టెన్షన్ వద్దు, సీటు పైకీ కిందికీ జరుపుకుంటే ఎవరికైనా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెడల్స్ బిగించుకోవడమే మిగిలే పని.

ముందు గేర్ల లెక్క చూద్దాం. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, అంతవరకూ నిజమే. ఇలాంటి సైకిళ్లలో తరచూ కనిపించే అమరిక ఒకటి తీసుకోండి: ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 వరకు. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే పెడల్ ఒక్క చుట్టుకు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. 42ని 24తో భాగిస్తే 1.75. 34ని 20తో భాగిస్తే 1.7. 24ని 14తో భాగిస్తే 1.71. పేరుకు మూడు గేర్లు, కాళ్లకు తెలిసేది ఒక్కటే. పైగా ముందు పెద్దది, వెనక పెద్దది కలిపితే చైన్ ఏటవాలుగా సాగి త్వరగా అరిగిపోతుంది. చిన్నదీ చిన్నదీ కలిపినా అంతే. కాబట్టి ఆ గేర్లు ఉన్నా వాడకూడదు. అదే ముందు ఒక్క పళ్ల చక్రం, వెనక 11 నుంచి 42 పళ్ల దాకా తొమ్మిది పళ్ల చక్రాలున్న సైకిల్‌లో తొక్కడానికి అతి బరువైన గేరు అతి తేలికైనదానికి 3.8 రెట్లు ఉంటుంది. మన 21 గేర్ల బండిలో ఆ తేడా 3.5 రెట్లే. పైగా ఆ తొమ్మిది గేర్ల సైకిల్‌కు ముందు గేరు మార్చే కేబుల్, దాని సర్దుబాటు గొడవా ఉండవు. చదునైన దారిలో నాలుగడుగుల దూరం తిరిగేవాళ్లకు అసలు గేర్లే లేకపోయినా నష్టం లేదు.

అన్నిటికన్నా నష్టం చేసేది సైజు గురించి చెప్పిన మాట. 26, 29 అంగుళాలనేవి చక్రం కొలతలు, మీ కొలతలు కావు. ఒకే చక్రంతో చిన్న ఫ్రేమూ వస్తుంది, పెద్ద ఫ్రేమూ వస్తుంది. సీటు ఎత్తు మారిస్తే కాలి లెక్క సరిపోతుందేమో గానీ, ఫ్రేమ్ పొడవు మారదు. పెద్ద ఫ్రేమైతే హ్యాండిల్ అందుకోవడానికి వంగి వంగి మెడా నడుమూ పట్టేస్తాయి. చిన్నదైతే సీటు గొట్టాన్ని పైకి లాగుతూ పోతారు. ఆ గొట్టం మీద చెక్కిన గీత ఒకటుంటుంది, చూడండి. అది ఫ్రేమ్ లోపలే ఉండాలి. బయటికి కనిపించిందంటే గొట్టం వంగొచ్చు, ఫ్రేమే పగలొచ్చు.

షాపులో రెండు నిమిషాల పని: సీటు ముందు, పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడండి. మడమలు నేలకు ఆనాలి, గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లైనా ఖాళీ ఉండాలి. తర్వాత సీటెక్కి, పెడల్ అట్టడుగున ఉండగా దానిమీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. ‘సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి’ అని పట్టుబట్టేవాళ్లుంటారు. పిల్లలు నేర్చుకునేటప్పుడు సరే గానీ, పెద్దవాళ్లు అలా తొక్కితే మోకాళ్ల మీద పడుతుంది.

చవక సస్పెన్షన్ చాలావరకు ఓ స్ప్రింగు, దాని బరువు, అంతే. లేచి నిలబడి తొక్కితే మీ బలంలో కొంత ఆ ఊగడానికే పోతుంది. మామూలు రోడ్డు కుదుపులకు కాస్త వెడల్పు టైరు, అందులో సరైన గాలి చాలు. రాళ్లురప్పల దారుల్లో తిరిగేవాళ్లకు మంచి సస్పెన్షన్ కావాలి, దాని ఖరీదు వేరే.

డిస్క్ మాట సగం నిజం. వానలో, బురదలో అవే మేలు. పొడి రోడ్డు మీద మాత్రం సరిగ్గా సర్దిన రిమ్ బ్రేకు, అంటే చక్రం అంచును నొక్కే బ్రేకు, చక్రాన్ని ఇట్టే ఆపుతుంది.

నాలుగంగుళాల లావు టైర్లు పుట్టింది ఇసుక కోసం, మంచు కోసం. తారు రోడ్డు మీద వాటిని లాగడం ఊరికే ఆయాసం.

ఇక పెట్టెలో వచ్చే సైకిల్. పెడల్స్‌తో పని అయిపోదు. బ్రేకులు, గేర్లు, చక్రాల వంకర, హ్యాండిల్ బిగింపు అన్నీ చూడాలి. ఆ పెడల్స్‌లోనూ ఎడమదాని మర తిరగేసి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితేనే బిగుస్తుంది. తెలియక బలవంతం చేస్తే అల్యూమినియం క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) లోని మర కాస్తా అరిగిపోతుంది. ముందు వేళ్లతో నాలుగైదు చుట్లు సాఫీగా తిరగనివ్వండి, స్పానర్ ఆ తర్వాతే.