19,041 కోట్ల కట్నమిస్తామన్నా పెళ్లికొడుకు రాలేదు

'భాగస్వామ్యం' అన్న మాట వినగానే ఈమధ్య నా చెయ్యి దానంతటదే జేబు తడుముకుంటోంది. అందులోనూ 'ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం' అంటే మరీను. మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి పల్లెలకు ఇంటర్నెట్ రావాలంటే ఇదొక్కటే దారని గంటసేపు చెప్పాడు. రెండు నిమిషాలకోసారి 'వయబిలిటీ గ్యాప్ ఫండింగ్' అన్నాడు.

"అదేంటండీ?" అన్నాడు పక్కనున్నాయన.

"కట్నమండీ."

వెంటనే అర్థమైపోయింది ఆయనకు.

పల్లెను చేసుకుంటే గిట్టుబాటు కాదని మగపెళ్లివారు మొహం చిట్లిస్తారు. గిట్టుబాటుకు ఎంత తక్కువపడుతుందో అంతా సర్కారే ఇచ్చుకుంటుంది. కాకపోతే ఇక్కడ తక్కువ అడిగినవాడికే పిల్ల. ఆ మేరకు మన పెళ్లిళ్లకన్నా నయమే.

2021 జూన్ 30న కేంద్ర కేబినెట్ భారత్‌నెట్‌కు, అంటే పల్లెలకు ఫైబర్ ఇంటర్నెట్ వేసే సర్కారీ పథకానికి, ఇలాంటి సంబంధమే చూసింది. 16 రాష్ట్రాలు, 3.61 లక్షల ఊళ్లు, 9 ప్యాకేజీలు, 30 ఏళ్ల కాపురం. కట్నం 19,041 కోట్ల దాకా.

ఆ పెళ్లిచూపులు ఎలా జరిగుంటాయో ఊహించుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను. తొమ్మిదిమంది పిల్లల్నీ ముస్తాబు చేసి వరసగా కూర్చోబెట్టారు. ఏసీ వేశారు, జీడిపప్పు ప్లేట్లలో సర్దారు. గడువు దగ్గరపడింది. ఒక అధికారి గడియారం చూశాడు. ఇంకొకాయన కంప్యూటర్‌లో రిఫ్రెష్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. గుమ్మం దగ్గర అలికిడైతే అందరూ చొక్కాలు సర్దుకుని లేచి నిలబడ్డారు. టీ కుర్రాడు! "ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు సార్, ఇంకాస్త ఆగుదాం" అన్నాడొక చిన్న ఆఫీసరు. ఆగారు. జీడిపప్పు మెత్తబడింది. చివరికి టీ కుర్రాణ్ణే, "నీకేమైనా ఫైబర్ అనుభవం ఉందా బాబూ?" అని అడిగారు.

ఇది నా ఊహే. నిజం ఇంతకన్నా పొట్టిది: ఒక్క బిడ్ కూడా రాలేదు. టెండరు రద్దయింది.

ఇంతకీ ఆ కట్నం ఎవరి సొమ్ము? మనం రీచార్జ్ చేసుకున్న సొమ్ములోంచే టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కడతాయి. పల్లెల పేరు చెప్పి పోగేసిన నిధి అది. 2011లో రెండేళ్లలో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ అన్నారు. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి వెయ్యి రోజుల్లో ఆరు లక్షల ఊళ్లకన్నారు. ఆ ఏడే బళ్లు మూసేసి పాఠాలు ఫోన్లో పెట్టారు. సిగ్నల్ కోసం పిల్లలు చెట్లెక్కారు, గుట్టలెక్కారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కొమ్మ మీద కూర్చున్న పిల్లకు వయబిలిటీ ఏంట్రా? గ్యాప్ ఏంట్రా? ఊళ్లో వీధిదీపం పెట్టేటప్పుడు ఎవడైనా లాభమెంతని అడిగాడా?

వెయ్యి రోజులు 2023 మేలో నిండాయి. ఆ ఆగస్టులో 1,39,579 కోట్లతో మరో పథకం ఆమోదించారు. ఈసారి పెళ్లి మాట ఎత్తలేదు. కాంట్రాక్టులే.

ఈమధ్య ఒక పంచాయతీ ఆఫీసుకు వెళ్తే బీరువా మీద ఇంటర్నెట్ పెట్టె కనిపించింది. లైటు వెలగడం లేదు. "పనిచేస్తుందా?" అన్నాను. "తెలీదు సార్, దసరాకి ఆయుధపూజలో మాత్రం దీనిక్కూడా బొట్టు పెడతాం" అన్నాడు అటెండరు. దగ్గరికెళ్లి చూశాను. కుంకుమ ఇంకా చెరగలేదు.