త్రో మాత్రమే వేసేవాడు

నిన్న మా ఫుట్‌బాల్ జట్టు ఓడింది. ఆటగాళ్లను ఏరింది నేనే కాబట్టి, ఈ ముక్క ఇంకొకరు చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నా.

నా లెక్క ఒక్కటే, ఎవరి పని వాళ్లే చేయాలి. "ఎక్కడైనా ఆడతానండీ" అంటూ వచ్చిన ఒక కుర్రాణ్ణి, "అంటే ఎక్కడా సరిగ్గా ఆడవన్నమాట" అని పంపేశాను. ఒక మిత్రుడు 1974 నాటి నెదర్లాండ్స్‌ను గుర్తుచేశాడు. డిఫెండర్ ముందుకెళితే అతని చోట్లోకి ఇంకొకరు వచ్చేసే టోటల్ ఫుట్‌బాల్ వాళ్లది. "ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడారుగా" అన్నాను. పైగా బంతి లాక్కుని పక్కవాడికి ఇవ్వడమే పనిగా ఉన్న మిడ్‌ఫీల్డర్ మకలెలేని 2003లో రియల్ మాడ్రిడ్ క్లబ్ చెల్సీకి అమ్మేసింది, మళ్లీ 2007 దాకా స్పెయిన్ లీగ్ లాలిగా గెలవలేదు. దాంతో మిత్రుడు నోరు మూశాడు. ఈ సీజన్లో నేను గెలిచింది ఆ ఒక్కటే.

అలా పెనాల్టీకొకడు, కార్నర్‌కొకడు, గీత దాటిన బంతిని చేతులతో దూరంగా విసిరే లాంగ్ త్రోకొకడు వచ్చి చేరారు.

88వ నిమిషం. 0-1తో వెనకబడి ఉన్నాం. ఎడమ గీత దాటిన బంతికి త్రో మాకే వచ్చింది. మా త్రో స్పెషలిస్టు కుడి చివరన ఉన్నాడు. అక్కణ్ణించి ఇక్కడికి నడక మొదలుపెట్టాడు, నడకే! "పరిగెత్తవయ్యా" అని అరిస్తే, "దమ్ము విసరడానికి దాచుకోవాలి సార్" అన్నాడు. వచ్చి, తువ్వాలు అడిగాడు. తువ్వాలు ఐడియా నాదే. చిన్నప్పుడు జావెలిన్ విసిరిన, లాంగ్ త్రోలకు పేరుపడ్డ రోరీ డెలాప్ ఇంగ్లండ్ క్లబ్ స్టోక్ సిటీకి ఆడే రోజుల్లో బంతి తుడవడం మొదలెడితేనే ఎదుటివాళ్లకు టెన్షన్. ఇక్కడ టెన్షన్ పడింది నేనొక్కణ్ణే. పొడి బంతిని పసిపిల్లాడికి తల తుడిచినట్టు తుడిచాడు. అడుగులు లెక్కపెడుతూ వెనక్కి వెళ్లాడు. బెంచీ అడ్డొచ్చింది. బెంచీ జరపమన్నాడు. దాని మీద కూర్చున్నది నేను.

నేను లేచేసరికి రిఫరీ పసుపు కార్డు చూపించాడు. ఆట ఆలస్యం చేస్తున్నామట! ఓడిపోతున్న వాళ్లం టైం ఎందుకు తింటాం స్వామీ? అవతలి గోల్‌కీపర్ మూడుసార్లు లేసులు కట్టుకున్నప్పుడు మాత్రం ఈయన ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టాడు.

చివరికి మావాడు పరుగెత్తుకొచ్చి విసిరాడు. నిజంగానే చాలా దూరం వెళ్లింది. కాకపోతే విసిరే క్షణంలో వెనక కాలు గాల్లో ఉంది. ఫౌల్ త్రో. బంతి అవతలివాళ్లకు.

దాన్ని అందుకున్నది ఎవరో కాదు, నేను పంపేసిన కుర్రాడే. మొదటి సగంలో లెఫ్ట్ బ్యాక్, తర్వాత మిడ్‌ఫీల్డ్, ఇప్పుడు త్రో. తువ్వాలు అడగలేదు. టక్కున విసిరి, పరుగెత్తి, తిరిగొచ్చిన బంతితో గోల్ కొట్టేశాడు. మా పెనాల్టీ స్పెషలిస్టు పక్కనే నిలబడి చూశాడు. ఏమయ్యా అంటే, "అది పెనాల్టీ కాదుగా సార్" అన్నాడు.

రాత్రి ఆ కుర్రాడే మెసేజ్ పెట్టాడు: "వచ్చే మ్యాచ్‌కి ఎవరైనా తక్కువైతే చెప్పండి సార్, ఎక్కడైనా ఆడతా."

చూసినట్టు నీలం టిక్కులు కూడా పడిపోయాయి.