కళల పాఠ్యప్రమాణాల సవరణలో మన మాట ఎక్కడ?

టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలల్లో హైస్కూలు చదువు పూర్తి కావాలంటే ప్రతి విద్యార్థికీ లలితకళల్లో ఒక క్రెడిట్ ఉండాలి. అంతకుముందు ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు కూడా కనీసం ఒక కళల కోర్సు చదివి ఉండాలి. ఆ కోర్సుల్లో ఏమి నేర్పాలి, విద్యార్థి ఏమి చేసి చూపితే నేర్చుకున్నట్టు లెక్క అనే విషయాలు, అందరూ ‘టీక్స్’ అని పిలిచే రాష్ట్ర పాఠ్యప్రమాణాల్లో వాక్యం వాక్యంగా రాసి ఉంటాయి. కళలకు సంబంధించిన ప్రమాణాలను రాష్ట్ర విద్యా బోర్డు 2013లో ఆమోదించింది. అవి 2015-16 విద్యా సంవత్సరం నుంచి అమలులోకి వచ్చాయి. ఇటువంటి ప్రమాణాలు కొన్నేళ్లకొకసారి సవరణకు వస్తాయి, వచ్చినప్పుడు ప్రజల అభిప్రాయం అడుగుతారు. ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ, రౌండ్ రాక్ వంటి ఊళ్లలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉన్నా, వారాంతం వచ్చిందంటే ఏదో ఒక హాల్లో అరంగేట్రం జరుగుతూనే ఉన్నా, ఈ ప్రమాణాల ప్రస్తావన మన సంఘాల సమావేశాల్లో రావడం నేను వినలేదు. పండుగ కార్యక్రమంలో ఎవరి పిల్లల నృత్యం ముందు, ఎవరిది వెనుక అన్న చర్చ మాత్రం ఏటా తప్పకుండా వింటాను.

ఇది మన పిల్లలకు నేరుగా తగిలే విషయమని చెప్పడానికి టెక్సాస్ విద్యా చట్టంలోని ఒక చిన్న వెసులుబాటు చాలు. రాష్ట్ర విద్యా కమిషనర్ అనుమతితో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ, బడి బయట జరిగే సామాజిక కళాశిక్షణను కూడా లలితకళల క్రెడిట్ కింద పరిగణించవచ్చు. ఆ శిక్షణ బడి ఆవరణలోనే జరగాలని లేదు, బడి వేళల్లోనే జరగాలని కూడా లేదు. ముఖ్యమైన షరతు ఏమిటంటే, కళలకు బోర్డు నిర్దేశించిన ప్రమాణాలను అది బోధించాలి. ఏడెనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్న అమ్మాయి శ్రమ ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే బడి ఇచ్చే మార్కుల పత్రంలో, చోటు చేసుకోగలదా లేదా అన్నది, డిస్ట్రిక్ట్ చొరవతో పాటు, ప్రమాణాల్లో ఏ మాటలు రాసి ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. గురువుగారి పాండిత్యం ఎంత గొప్పదైనా, కౌన్సెలర్ చేతిలో ఉండేది ఆ పాఠ్యప్రమాణాల పత్రమే.

సంగీతంలో ఈ చిక్కు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండో తరగతి విద్యార్థి పెంటటానిక్ స్వరక్రమాలను, అంటే ఐదు స్వరాల వరుసలను, ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి అయిన స్టాఫ్ నొటేషన్‌లో చదవాలి, రాయాలి, పాడి లేదా వాయించి వినిపించాలి అని ప్రమాణం చెబుతుంది. మోహన రాగం నేర్చుకుంటున్న తెలుగు పిల్లవాడికి స రి గ ప ద స నోటికి వచ్చు. బళ్లో టీచరు డో రే మీ సో లా అని చేతిసంజ్ఞలతో నేర్పేది సరిగ్గా ఆ ఐదు స్వరాలనే. ఆ పిల్లవాడు వాటిని మూడు కాలాల్లో తాళం తప్పకుండా పాడగలడు, నోటుపుస్తకంలో స్వరాలుగా రాయగలడు. అయినా ఐదు గీతల మీద గుండ్రాలు గీసేదాకా ప్రమాణం దృష్టిలో వాడికి ఏమీ రానట్టే. లయ విషయం కూడా ఇంతే. కింది తరగతుల్లో రెండు, నాలుగు మాత్రల కొలతలు, ఆ తరువాత మూడు మాత్రలది. ఐదు మాత్రల ఖండచాపు, ఏడు మాత్రల మిశ్రచాపు చేతిమీద వేయగల పిల్లలకు తమ విద్యను చూపించుకునే సందు ఆ వాక్యంలో లేదు. ‘వివిధ సంస్కృతుల పాటలు పాడాలి’ అనే అంశం వేరే చోట ఉంది కానీ, అక్కడ మన సంగీతం ఒక సాంస్కృతిక నమూనాగా వస్తుందే తప్ప సంగీత అక్షరాస్యతగా రాదు. నాకున్న అసలు అభ్యంతరం ఈ విభజన మీదే.

నృత్యం సంగతి చూద్దాం. హైస్కూలు ప్రమాణాల్లో బ్యాలే, జాజ్, ట్యాప్, మోడర్న్ డాన్స్, మ్యూజికల్ థియేటర్ అని ఒక్కొక్క శైలినీ పేరు పెట్టి చెప్పి, చివర ‘ప్రపంచ నృత్యరీతులు’ అని ఒకే మాటతో ముగించారు. కూచిపూడి, ఫ్లమెంకో, హులా, పశ్చిమాఫ్రికా నృత్యాలు అన్నీ ఆ ఒక్క మాటలో సర్దుకోవాలి. పైగా ఈ పత్రాలకు ఒక నియమం ఉంది: ‘ఇంక్లూడింగ్’ అని రాసిన చోట ఆ అంశాన్ని తప్పనిసరిగా నేర్పి తీరాలి, ‘సచ్ యాజ్’ అని రాసిన చోట అది ఉదాహరణ మాత్రమే. ఈ నియమం తెలియకుండా ‘మా నృత్యాన్ని కూడా చేర్చండి’ అని విజ్ఞప్తి పంపితే, దానిని ఉదాహరణల వరుసలో ఒక మూల చేర్చి పని అయిపోయిందనిపించవచ్చు. మనమూ ఫొటో దిగి సంబరపడవచ్చు. బళ్లో పాఠం మాత్రం మారదు.

ప్రజాభిప్రాయం వల్ల టెక్సాస్‌లో ఏమీ జరగదని అనుకునేవారికి 2018 నాటి ఉదంతం గుర్తు చేయాలి. మెక్సికన్ అమెరికన్ అధ్యయనాల కోర్సుకు ఆ ఏడాది ఏప్రిల్‌లో బోర్డు అంగీకరించింది కానీ, దాని పేరును ‘మెక్సికన్ సంతతి అమెరికన్లు’ అన్న అర్థం వచ్చేలా మార్చింది. ఆ కోర్సు కోసం ఏళ్ల తరబడి పాటుపడిన అధ్యాపకులు, విద్యార్థులు అభ్యంతరాలతో బోర్డు ముందుకు వచ్చారు. ఆ ఏడాదే వారు కోరిన పేరు తిరిగి వచ్చింది. 2020లో ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల కోర్సుకు ఆమోదం లభించింది. కళల్లోనే ఉదాహరణ కావాలంటే మెక్సికో సంప్రదాయమైన మరియాచి సంగీతం ఉంది. దక్షిణ టెక్సాస్ బడుల్లో బ్యాండ్, ఆర్కెస్ట్రాల పక్కన అది క్లాసుగా నడుస్తోంది, రాష్ట్రస్థాయి పాఠశాలల ఉత్సవం కూడా దానికి ఉంది. ఆ స్థానం ఉత్సవాలు చేసినంత మాత్రాన రాలేదు. ఆ సంగీతం తెలిసినవాళ్లు బడి ఉపాధ్యాయులుగా లోపలికి వెళ్లి, దానిని పాఠంగా, పరీక్షగా, మార్కుగా మలిచినందువల్ల వచ్చింది.

భారతీయ సంతతివారికి బోర్డుల ముందుకు వెళ్లడం కొత్తేమీ కాదు. కాలిఫోర్నియాలో ప్రాచీన భారతచరిత్ర పాఠాల మీద 2005-06లోనూ, మళ్లీ 2016లోనూ పెద్ద వివాదాలే నడిచాయి. చరిత్ర అనగానే కదిలే జనం కళల దగ్గరకు వచ్చేసరికి కదలరు. కళ అంటే ఫీజు కట్టి శనివారం దింపి వచ్చే వ్యవహారం అన్న భావం మనలో స్థిరపడిపోయింది. వాట్సాప్ గుంపులో తిరిగిన ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి వందల మంది పంపే అలవాటు కూడా మనకు మేలు చేయదు. ముసాయిదా రాసేవారికి కావలసింది ఫలానా తరగతి, ఫలానా అంశం, ఇప్పుడున్న వాక్యం, దాని బదులు ఉండవలసిన వాక్యం, ఎందుకు అన్నదానికి నాలుగు పంక్తుల కారణం.

అయితే ఏమి అడగాలి? ‘మా రాగాలు చేర్చండి’ అని కాకుండా, స్టాఫ్ నొటేషన్ అన్న చోట ‘దానితో పాటు విద్యార్థి నేర్చుకుంటున్న సంప్రదాయపు స్వరలిపి కూడా’ అని, రెండు నాలుగు మాత్రల కొలతలు అన్న చోట ‘లేదా ఆ సంప్రదాయపు తాళచక్రం’ అని చేర్చమనడం మేలని నా అభిప్రాయం. ఆ వాక్యం మనకు ఎంత పనికి వస్తుందో, వియత్నామీ వాద్యం నేర్చుకునే హ్యూస్టన్ పిల్లకూ అంతే పనికి వస్తుంది, కాబట్టి మద్దతూ ఎక్కువ దొరుకుతుంది. దీనికి ఉపాధ్యాయులు చెప్పగల అభ్యంతరం న్యాయమైనదే. బ్యాండ్, కోరస్ నేపథ్యంతో వచ్చిన టీచరు సరళీస్వరాలను ఎలా పరీక్షించాలి? స్టాఫ్ నొటేషన్ రాని పిల్లవాడు రేపు ఆర్కెస్ట్రాలో వయొలిన్ ఎలా పట్టుకుంటాడు? అందుకే దానిని తీసేయమని అడగడం పొరపాటు అవుతుంది. అది అందరికీ ఉమ్మడిగా ఉండాలి. రెండో లిపి అదనపు నిరూపణగా ఉండాలి.

మతం ప్రస్తావన కూడా తప్పదు. మన కీర్తనల్లో అధికభాగం భక్తిపరమైనవి. ప్రభుత్వ బడిలో పాఠం బోధన కోసమే ఉండాలి, ఆరాధన కోసం ఉండరాదు. పాశ్చాత్య క్రైస్తవ సంగీతాన్ని బడి కోరస్‌లు ఆ హద్దులోనే పాడుతున్నాయి, మనమూ అలాగే చేయవచ్చు. మొదటి అడుగుకు సాహిత్యమే లేని జతిస్వరం, తాళాన్ని పరిచయం చేసే అలంకారాలు చాలు. వాటి మీద ఎవరికీ అభ్యంతరం ఉండే అవకాశం తక్కువ.

దీనికన్నా కష్టమైన ప్రశ్న మన లోపలే ఉంది. ఈ ప్రమాణాల్లో ప్రతి కళకూ చారిత్రక, సాంస్కృతిక నేపథ్యం అనే విభాగం ఉంటుంది. కూచిపూడికి అందులో చోటు అడిగితే, ఆ సంప్రదాయంలో చాలాకాలం పురుషులే స్త్రీ పాత్రలు ధరించారనీ, వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా ప్రేక్షకులను ముగ్ధులను చేశారనీ చెప్పుకోవడం హాయిగానే ఉంటుంది. అదే పాఠంలో గుళ్లలో, కొలువుల్లో నాట్యమే వృత్తిగా బతికిన కళావంతుల స్త్రీల గురించి, 1947లో మద్రాసు రాష్ట్రం తెచ్చిన దేవదాసీ నిషేధ చట్టం గురించి, ఆ తరువాత వారి నృత్యం ఏమైందన్న దాని గురించి కూడా ఉండాలి. దానికి సిద్ధపడకుండా, మెరుగులు దిద్దిన రెండు పేరాలే పంపితే, మనం కోరుతున్నది విద్య కాదు, ప్రచారం. అభిప్రాయం చెప్పడానికి ముందుకు వచ్చేవారు కూడా సాధారణంగా శాస్త్రీయ కళల గురువులూ వారి శిష్యుల తల్లిదండ్రులూనే. ఒగ్గుకథ, బుర్రకథ, డప్పు గురించి ఎవరు మాట్లాడతారు? లయను చేతులతో, అడుగులతో ఒకేసారి నేర్పడానికి ఎలిమెంటరీ తరగతిలో డప్పును మించిన సాధనం దొరకడం కష్టం. శాస్త్రీయం కాదన్న పేరుతో దానిని ఇక్కడ కూడా గుమ్మం బయటే నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

దృశ్యకళల్లో మనకు పని ఇంకా సులువు. గీత, ఆకారం, రంగు, స్థలం వంటి కళామూలకాలను, పునరావృత్తి, సమతౌల్యం, ఏకత్వం వంటి రచనాసూత్రాలను పిల్లలు గుర్తించి వాడాలని ప్రమాణాలు కోరుతున్నాయి. ఏడు చుక్కలు పెట్టి, రెండు వైపులా సందు చుక్కతో నాలుగు వచ్చేవరకు తగ్గిస్తూ వెళ్తే ఆరు భుజాల చట్రం ఏర్పడుతుంది. ఆ చుక్కలను కలుపుతూ గీసిన ముగ్గును ఆరింట ఒక వంతు తిప్పినా అది అలాగే కనిపిస్తుంది. సమతౌల్యం, పునరావృత్తి రెండూ ఆ ఒక్క పీరియడ్‌లో పిల్లల చేతికి అందుతాయి. గణితం టీచరుకు కూడా పనికొస్తుంది. దీనికి ప్రమాణం మార్చనక్కరలేదు, ఉన్న ప్రమాణానికి తగిన పాఠప్రణాళిక రాసి డిస్ట్రిక్ట్‌కు ఇస్తే చాలు. దీపావళి వారంలో రంగులు చల్లించి, ఆ పైవారం మరిచిపోయే అలంకారంగా ముగ్గు మిగిలిపోవడానికి కారణం అలాంటి పాఠం ఎవరూ రాసి ఇవ్వకపోవడమే.

ప్రమాణాలు మారినంత మాత్రాన టీచర్లు రారు. కాలిఫోర్నియా ఓటర్లు 2022లో ఆమోదించిన 28వ ప్రతిపాదన ఏటా దాదాపు వంద కోట్ల డాలర్లను బడుల్లో కళలకు కేటాయించింది. 500 మంది, అంతకుమించి విద్యార్థులున్న డిస్ట్రిక్టులు అందులో కనీసం 80 శాతాన్ని సిబ్బంది నియామకానికే ఖర్చు చేయాలి. టెక్సాస్ పాఠ్యప్రమాణాల వెంట అటువంటి నిధి లేదు. అందువల్ల మన పిల్లల్లో సంగీతం, నృత్యం మీద నిజమైన ఆసక్తి ఉన్నవారు టీచరు సర్టిఫికేషన్ తీసుకుంటామంటే ‘ఆ జీతంతో ఏం బతుకుతావు’ అని నిరుత్సాహపరచడం మానాలి. మరియాచి అనుభవం చెప్పేది అదే.

ఇక చేయవలసిన పని. ప్రతి సంఘం ఇద్దరు గురువులను, ప్రభుత్వ బడిలో పనిచేసే ఒక సంగీతం లేదా ఆర్ట్ టీచరును, హైస్కూల్లో చదువుతున్న ఇద్దరు విద్యార్థులను కూర్చోబెట్టి, ఇప్పుడున్న ప్రమాణాలను తరగతుల వారీగా చదివించి, మార్చవలసిన వాక్యాల పట్టిక ముందే తయారు చేసుకోవాలి. ముసాయిదా బయటికి వచ్చాక ఉండే గడువు తక్కువ. అప్పుడు మొదలుపెడితే మళ్లీ వాట్సాప్ ఉత్తరమే గతి. ముసాయిదా రాసే బృందాల్లో చేరడానికి ఉపాధ్యాయులతో పాటు తల్లిదండ్రులకూ అవకాశం ఉంటుంది, దరఖాస్తు చేసుకోవాలి. బోర్డు ముందు మాట్లాడడానికి ఇచ్చేది రెండు మూడు నిమిషాలే కాబట్టి, సంఘం అధ్యక్షుల ప్రసంగాలకు బదులు పదో తరగతి పిల్ల తాను నేర్చుకున్నదేమిటో, బడి లెక్కలో అది ఎందుకు చేరలేదో చెప్పడం మంచిది. బోర్డులోని 15 మంది సభ్యులూ ఓటుతో ఎన్నికైనవారే. మనలో ఇంకా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న చాలామందికి ఆ ఓటు లేదు. అభిప్రాయం రాసి పంపడానికి మాత్రం పౌరసత్వం అడగరు.