మోకాళ్లు బాగున్నప్పుడే స్పోర్ట్స్ కారు

మామూలు కారు ఎక్కుతాం. పోర్షే 911లోకి మాత్రం దిగాలి. తలుపు తీసి, నడుం వంచి, ఒక కాలు లోపల పెట్టి, మిగతా ఒంటిని మెల్లగా సీట్లోకి జార్చాలి. బయటికి రావడం ఇంకా కష్టం, అది నిజంగా ఎక్కడమే. 30 ఏళ్ల కుర్రాడికి ఇదంతా సరదా. 58 ఏళ్ల పెద్దమనిషికి షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి చెయ్యి అందించాల్సి వచ్చిందంటే మాత్రం, ఆయన చూపు పక్కనున్న పోర్షే ఎస్‌యూవీ కయెన్ మీదికి మళ్లుతుంది. ఎత్తుగా, హాయిగా ఉంటుంది. అందులో ఆయన తప్పేమీ లేదు. ఇన్నేళ్లూ కలలు కన్నది మాత్రం కయెన్ గురించి కాదు.

ఇలాంటి కారు జీవితంలో ఎప్పుడు కొనాలి అని అడిగితే మన దగ్గర అందరూ డబ్బు సంగతే చెబుతారు. ఉన్నవాడు ఎప్పుడైనా కొంటాడు, లేనివాడికి ఆ ప్రశ్నే లేదు అంటారు. ఇది సగమే నిజం. చాలామందికి వయసుతో పాటు డబ్బు పెరుగుతుంది. నడుము, మోకాళ్లు, రాత్రిపూట ఎదురొచ్చే లైట్లను తట్టుకునే కళ్లు అదే వయసుతో పాటు తరుగుతాయి. ఖాళీ ఆదివారాలు మధ్యలో కొన్నేళ్లు మాయమైపోయి, ఎప్పటికో తిరిగొస్తాయి. డబ్బు, ఒళ్లు, తీరిక మూడూ ఒక్కచోట కలిసే కాలం చాలా చిన్నది. నా లెక్కలో అది 38కీ 48కీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ఆ పదేళ్లే మన ఇళ్లలో అన్నిటికన్నా రద్దీగా ఉంటాయి. ఫ్లాటు లోను సగంలో ఉంటుంది. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల ఆపరేషన్లు అప్పుడే వస్తాయి. స్పోర్ట్స్ కారు అని నోరు తెరిస్తే చాలు, 'ముందు ఓ ప్లాటు తీసిపెట్టు' అని మామయ్య అంటాడు. ఆయన మాట కొట్టిపారేయలేం. 2023లో హైదరాబాద్ కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి వేలంలో పోయిన ఊరు ఇది. చవగ్గా ఉన్నప్పుడు నేల కొన్నవాడి ముందు, కారు కొన్నవాడు జీవితాంతం తలొంచుకోవాల్సిందే. అందుకే మన దగ్గర ఈ కోరిక వాయిదా పడుతూ పడుతూ, అమ్మాయి పెళ్లి కూడా అయిపోయాక, ఒకరోజు కయెన్ దగ్గర ఆగుతుంది.

అమెరికాలో దీనికో కథ ఉంది. ఎలియట్ జాక్స్ అనే కెనడా మానసిక విశ్లేషకుడు 1965లో 'మిడ్‌లైఫ్ క్రైసిస్' (నడివయసు సంక్షోభం) అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. నడివయసు దాటుతున్న మగవాడు ఎర్ర కారు కొన్నాడంటే అక్కడ అందరూ ఆ మాటే అని నవ్వుతారు. మన సమస్య అది కాదు. ఇక్కడ కారు మరీ ముందో, మరీ ఆలస్యంగానో వస్తుంది. భూమి డబ్బు చేతికొచ్చిన ఇంట్లో 23 ఏళ్ల అబ్బాయికి అంత శక్తి ఉన్న కారు ఇవ్వడం, చేయి తిరగకముందే కత్తి ఇచ్చినట్టు. అంతకుమించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.

డబ్బు సంగతి కాస్త వివరంగానే చూడాలి. 911 కరెరా కొత్త మోడల్ 2024లో ఇక్కడికి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు 2 కోట్లు. అందులో కారుకు పోయేది ఎంత, ప్రభుత్వానికి పోయేది ఎంత అని విడదీస్తే ఉత్సాహం చల్లారుతుంది. బయటి దేశంలో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారు మీద 2025 లెక్కల్లో దిగుమతి భారమే 110 శాతం. 2025 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకాన్ని 100 నుంచి 70 శాతానికి తగ్గించామన్నారు. తీరా చూస్తే 40 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు తగిలించారు, లెక్క మళ్లీ 110 దగ్గరికే వచ్చింది. ఆ మొత్తం మీద జీఎస్టీ, 2025 సెప్టెంబరు నుంచి ఇలాంటి కార్లకు 40 శాతం. ఆపైన రాష్ట్రం వంతు. తెలంగాణలో 2022లో పెంచిన రేటు ప్రకారం చూసినా 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం లైఫ్ ట్యాక్స్. రెండు కోట్ల మీద 36 లక్షలు. ఒక ఫార్చ్యూనర్ డబ్బు దగ్గరదగ్గర ఆర్టీఏలోనే కట్టేసి వస్తాం. 9999 నంబరు కావాలంటే ఆ వేలం ఖర్చు వేరే.

ఈ పన్ను దెబ్బ ఎలాంటిదో ఒకప్పుడు దేశమంతా చూసింది. 2002లో సచిన్ టెండూల్కర్ 29వ టెస్టు సెంచరీ కొట్టి బ్రాడ్‌మన్‌ను అందుకున్నందుకు ఫెరారీ 360 మోడెనా బహుమతిగా వచ్చింది, ఫార్ములా వన్ చాంపియన్ షూమాకర్ చేతుల మీదుగా. అప్పుడు సచిన్ వయసు కూడా 29. ఆ కారుకు ప్రభుత్వం సుంకం మినహాయించబోతే పెద్ద గొడవై కోర్టు దాకా వెళ్లింది. చివరికి కోటి 13 లక్షల సుంకం ఫెరారీకి అప్పటి యజమాని ఫియట్ కట్టింది. ఊరికే వచ్చిన కారు కథే అది!

పోయిన పన్ను మళ్లీ చేతికి రాదు. ఇన్సూరెన్స్ కంపెనీల పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటిన కారు విలువ కొత్తదాని ధరలో సగం. మార్కెట్లో 911 అంతకంటే బాగానే నిలబడుతుంది, కానీ లైఫ్ ట్యాక్స్‌కూ ఎక్స్‌ట్రా ఫిట్టింగులకూ రెండో యజమాని పూర్తి డబ్బు ఇవ్వడు. ఇక అప్పు సంగతి. కోటి రూపాయలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 1 లక్షా 61 వేలు. మొత్తం కట్టేది కోటి 35 లక్షలు. అప్పు చేసి కొనేవాళ్ల మీద నాకు చిన్నచూపేమీ లేదు. నా అభ్యంతరం ఒక్కటే, అలా కొన్న కారును భయంతో నడుపుతారు. ప్రతి గుంతా ఈఎంఐలా కనిపిస్తుంది. వాన పడితే తీయరు, పెళ్లికెళ్తే కారు పార్క్ చేసిపెట్టే కుర్రాడికి తాళం ఇవ్వరు, దుమ్ముంటే కవరు తీయరు. ఏడేళ్లు అలా కాపలా కాసి, లోను తీరే నెలలో అమ్మేస్తారు.

కాబట్టి నా ఓటు మూడు నాలుగేళ్ల పాత కారుకి. పన్నుల దెబ్బలో పెద్ద భాగం మొదటాయన తిని ఉంటాడు. గీతలు పడ్డా గుండె ఆగదు. అయితే ఢిల్లీ, పుదుచ్చేరి నంబరు ప్లేటుతో చవగ్గా దొరికిందని మురిసిపోవద్దు. ఇక్కడ శాశ్వతంగా తిప్పాలంటే ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. కట్టకుండా తిప్పుతూ రోడ్డు మీద రవాణా అధికారులకు దొరికిపోయిన ఖరీదైన కార్ల ఫొటోలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

కొన్నాక ఎక్కడ నడుపుతారు? 911 నాలుగు సెకన్లలో 100 అందుకుంటుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, వేగ పరిమితి 2023లో 100 నుంచి 120కి పెంచారు. అంటే టోల్ గేటు దాటిన ఐదారు సెకన్లలో చట్టం ఒప్పుకునే ఆనందం అయిపోయింది. మిగతా 157 కిలోమీటర్లూ ఎడమ లేన్ వదిలి పక్కకొచ్చిన లారీల వెనక ఓపిగ్గా వెళ్లడమే. నిజమైన సుఖం మలుపుల్లో ఉంటుంది. తెల్లారకముందే బయల్దేరితే వికారాబాద్ అనంతగిరి రోడ్డు, విశాఖ వాళ్లకైతే అరకు ఘాట్. శ్రీశైలం దారి అద్భుతమే గానీ అది పులుల అడవి, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, గేటు తెరిచాక కూడా అక్కడ నెమ్మదిగా పోవడమే మర్యాద. ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడా. మనకంటూ 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) ట్రాక్ ఒక్కసారి మెరిసింది. మరుసటి ఏడాది రేసు రద్దైంది. ఇప్పుడు ఆ తారు మీద ఆర్టీసీ బస్సులు తిరుగుతున్నాయి.

అందుకే నన్ను అడిగితే, బ్యాంకు బ్యాలెన్సుకన్నా ముందు అలారం సంగతి చూసుకోమంటాను. ఇప్పుడున్న కారుతోనే ఆదివారం అయిదింటికి లేచి, పనేమీ లేకుండా, కేవలం నడపడానికి వెళ్తున్నారా? పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీతో ఘాట్ రోడ్డెక్కి నవ్వుకుంటూ దిగేవాళ్లకి పోర్షే అక్కరకొస్తుంది. వారమంతా డ్రైవర్ నడిపితే వెనక సీట్లో ఫోన్ చూసుకునే మనిషికి రెండు సీట్ల కారెందుకు? డ్రైవర్ పక్కన కూర్చుంటారా?

నా 38–48 లెక్కకు ఇంకో చిన్న కారణం ఉంది. 911లో వెనక రెండు బుల్లి సీట్లు పెట్టించుకోవచ్చు. పెద్దవాళ్ల కాళ్లు పట్టవు, పదేళ్లలోపు పిల్లలు సరిగ్గా సరిపోతారు. ఆ వయసు పిల్లలకు నాన్న కారు ప్రపంచంలోకెల్లా గొప్పది. పదిహేను దాటితే అదే కారు 'టూ మచ్ డాడ్' అవుతుంది. అంటే ఇంట్లో ఆరేళ్ల పిల్లో పిల్లాడో ఉన్నప్పుడు కొంటే నాలుగైదేళ్లు ఇంటిల్లిపాదికీ దక్కుతుంది. ఇంట్లో ఒప్పించడానికి కూడా ఈ వాదన పనికొస్తుంది, వాడి చూడండి. ఇక 60 దాటినా పొద్దున్నే యోగా చేసి, గొంతుక్కూర్చుని చులాగ్గా లేవగలిగిన డాక్టర్లు నాకు ఇద్దరు తెలుసు. వాళ్లకు నా లెక్క వర్తించదు.

మా పిన్ని కొడుక్కి 41. ఇల్లు లోను తీరింది, పాప రెండో తరగతి. సెకండ్ హ్యాండ్ 911 ఒకటి చూసుకుని ఫోన్ చేశాడు, 'అన్నా, ఇప్పుడే తీసుకోనా, ఇంకో రెండేళ్లు ఆగనా' అని. సెల్లార్ ర్యాంపు కొలిచావా అని అడిగాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గరున్నది చెరువు కట్టలా ఉంటుంది, దాని వెంటనే ర్యాంపు నిటారుగా కిందికి పోతుంది. బటన్ నొక్కితే కారు ముక్కు నాలుగు సెంటీమీటర్లు లేస్తుందట, అయినా చాలదని తేలింది. డబ్బు సిద్ధం, మరదలు ఒప్పుకుంది, పాప రంగు కూడా చెప్పేసింది. ర్యాంపు అంచు చెక్కించుకోవడానికి అసోసియేషన్‌కు అర్జీ పెట్టాడు, వచ్చే నెల మీటింగులో చర్చకు వస్తుందట.