సోషల్ వర్క్ చదువులో ప్రవర్తన శాస్త్రం ఎక్కడుండాలి?

నేరారోపణ ఎదుర్కొంటున్న బాలుణ్ణి జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచాక, 15 రోజుల్లో అతని గురించి సామాజిక దర్యాప్తు నివేదిక అందాలని 2015 నాటి బాల న్యాయ చట్టం నిర్దేశిస్తోంది. దాన్ని ప్రొబేషన్ అధికారి రాయాలి. ఆయన లేనిచోట బాలల సంక్షేమ అధికారో, సామాజిక కార్యకర్తో రాయాలి. బోర్డులోనూ మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు సభ్యులుగా కూర్చుంటారు. ఆ కుర్రవాడు ఇంటికి వెళ్లాలా, పిల్లలను ఉంచే హోమ్‌కు వెళ్లాలా అన్నది తేల్చేటప్పుడు ఆ నివేదికలోని నాలుగు పేజీలనూ చూస్తారు. వాటిని రాసే మనిషికి మనుషుల ప్రవర్తన గురించి ఏం తెలుసన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

ఎమ్మెస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ పీజీలో, ఈ విషయం నేర్పడం లేదని ఎవరూ అనలేరు. మానవ ఎదుగుదల, ప్రవర్తన మీద సాధారణంగా మొదటి ఏడాదిలోనే ఒక పేపరు ఉంటుంది. మనిషి ఎదుగుదల గురించి ఫ్రాయిడ్, ఎరిక్‌సన్, పియాజే వంటి సిద్ధాంతకర్తలు చెప్పిన దశలను విద్యార్థులు వరుస తప్పకుండా రాసి మార్కులు తెచ్చుకుంటారు. వారానికి రెండు రోజుల ఫీల్డ్‌వర్క్ మాత్రం దానితో సంబంధం లేనట్టు వేరే దారిలో సాగిపోతుంది. తరగతిలో చదివింది బస్తీలోకి రాదు, బస్తీలో చూసింది తరగతికి చేరదు. మన సోషల్ వర్క్ చదువులో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒక ఇంటి సందర్శన ఊహించండి. బడి మానేసిన పదేళ్ల పిల్లవాడి ఇంటికి విద్యార్థిని వెళ్లింది. గుమ్మంలో నాయనమ్మ కూర్చుని ఉంది. తల్లి కొంగు సర్దుకుంటూ లోపలే నిలబడింది. “నాన్న తాగి వచ్చి కొడతాడు కదా?” అని విద్యార్థిని అడిగింది. పిల్లవాడు తలూపాడు. “తండ్రి మద్యానికి బానిస, హింసకు పాల్పడతాడు” అని రికార్డులోకి ఎక్కింది. అది నిజమే కావచ్చు. కానీ ఆ తలూపు దేనికి జవాబో మనకు తెలియదు. పిల్లలు పెద్దవాళ్లు కోరుకునే జవాబును ఇట్టే పసిగట్టేస్తారు.

మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో అమెరికాలో చేసిన ప్రయోగం ఇక్కడ అక్కరకు రావాలి. ఒకే కారు ప్రమాదం ఫిల్మును చూసిన వారిలో కొందరిని కార్లు “తాకినప్పుడు” వేగమెంత అని, కొందరిని “బలంగా ఢీకొన్నప్పుడు” ఎంత అని అడిగారు. రెండో బృందం చెప్పిన వేగం సగటున ఎక్కువ. కళాశాల విద్యార్థుల అంచనాలే ప్రశ్నను బట్టి అటూ ఇటూ అయితే, నాయనమ్మ వింటుండగా ఒక పసివాడి మాట ఎంత మారుతుందో ఆలోచించండి. “నిన్న బడి నుంచి వచ్చాక ఏమేం జరిగిందో చెప్పు నాన్నా” అని అడిగి మౌనంగా కూర్చోవడం చదువుతో, సాధనతో వచ్చే నైపుణ్యం. జాలిగుండె ఉన్నంత మాత్రాన అది రాదు.

మద్యం విషయంలోనూ ఇదే తంతు. మన దగ్గర ఇంకా పిల్లల తలమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంటాం. ఒట్టు తప్పిన మనిషి సిగ్గుతో డీఅడిక్షన్ కేంద్రం మొహం చూడడు. మనిషి అలవాటును ఒక్కసారిగా వదలడని, దశలవారీగా మారతాడని, వెనక్కి జారడమూ ఆ దారిలో మామూలేనని మనస్తత్వవేత్తలు ప్రొచాస్కా, డిక్లెమెంటే 1983లోనే వివరించారు. ఆ సంగతి తెలిసిన కార్యకర్త జారినవాణ్ణి నిందించకుండా మళ్లీ పిలుస్తాడు.

అయితే ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల మనుషుల మీద, ముఖ్యంగా అక్కడి విద్యార్థుల మీద జరిగినవే. ఈ లోటును పరిశోధకుడు జోసెఫ్ హెన్రిక్ బృందం 2010లో గట్టిగా ఎత్తిచూపింది. అత్తగారి ముందు కోడలు నోరు విప్పని ఇంట్లో ఏకాంత సంభాషణ ఎలా సాధ్యమో ఆ పుస్తకాల్లో వెతికితే దొరకదు. దాన్ని మన ఫీల్డ్‌వర్క్ రికార్డుల నుంచే కూడబెట్టుకోవాలి. వేలాది రికార్డులు సంతకాలు పడి బీరువాల్లో మూలుగుతున్నాయి. ఇది నన్ను నిజంగా బాధించే విషయం.

చదువుకూ ఫీల్డ్‌వర్కుకూ మధ్య ఈ ఎడానికి చరిత్రలోనూ ఒక కారణం ఉంది. దేశంలో తొలి సోషల్ వర్క్ విద్యాలయం, ఇప్పటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, 1936లో బొంబాయిలో మొదలైంది. 500 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే కర్మాగారంలో సంక్షేమ అధికారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పడంతో ఈ డిగ్రీకి పరిశ్రమల్లో గిరాకీ పుట్టింది. ఇప్పటికీ ఎంతోమంది హెచ్‌ఆర్ ఉద్యోగాల కోసమే చేరుతున్నారు. అది తప్పు కాదు గానీ ఇప్పుడు చట్టం మరో దిక్కు చూపిస్తోంది. 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం సామాజిక కార్యకర్తలను ప్రవర్తన ఆరోగ్య శాస్త్రాల విభాగంలో చేర్చింది. సైకియాట్రిక్ సోషల్ వర్కరు కావాలంటే పీజీ మీద రెండేళ్ల ఎం.ఫిల్ గానీ, నిర్దేశించిన మరో గుర్తింపు పొందిన అర్హత గానీ ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది.

కాబట్టి ప్రవర్తన శాస్త్రం పేపరులో సగం మార్కులైనా విద్యార్థి స్వయంగా రాసిన ఇంటర్వ్యూ రికార్డుకు ఇవ్వాలి. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, గదిలో ఎవరెవరున్నారు అన్నవి ఉన్నది ఉన్నట్టు అందులో ఉండాలి. దాన్ని అధ్యాపకుడు విద్యార్థితో కూర్చుని వాక్యం వాక్యం చదవాలి. ఆ గంటలను బోధన గంటలుగానే లెక్కించాలి. లేకపోతే ఎంత మంచి అధ్యాపకుడైనా సంతకం పెట్టి పంపేస్తాడు. చేరబోయే విద్యార్థులు కూడా సీనియర్లను ఒక్క మాట అడగండి: ఇక్కడ ఫీల్డ్‌వర్క్ రికార్డును ఎవరైనా చదువుతారా?